అడగక్కర్లేని లెక్క

ప్రయాణం ఖర్చు రాద్దామని కూర్చుంటే ఎవరింట్లోనైనా ముందు పడే పద్దు పెట్రోలు. హైదరాబాదు ప్రగతి నగర్‌లో బయల్దేరి, దారిలో అన్నవరం చూసుకుని, విశాఖ మీదుగా అరకు వెళ్ళి తిరిగి రావడమంటే, అక్కడక్కడా తిరిగేది కూడా కలుపుకుని 1,600 కిలోమీటర్లకు తగ్గదు. ఐదుగురు మనుషులం, డిక్కీ నిండా సామాను, కట్టెయ్యకుండా ఏసీ, చివర్లో అనంతగిరి ఘాట్. కారు కొన్ననాడు షోరూములో చెప్పిన మైలేజీ పక్కన పెట్టేసి లీటరుకు 15 వేసుకుంటే క్షేమం. 107 లీటర్లవుతుంది. నేనిది రాసేనాటికి హైదరాబాదులో లీటరు 107 రూపాయల పైచిలుకు ఉంది, కోదాడ దాటి ఆంధ్రలో అడుగుపెడితే ఇంకో రూపాయో రెండో ఎక్కువ. అందుకే తెలిసినవాళ్ళు కోదాడలోనే ట్యాంకు నింపుకుంటారు. మొత్తం మీద పదకొండున్నర వేలు. మా అబ్బాయి కూడా నోటితో వేసేయగల లెక్క ఇది.

టోలు లెక్క అంతకంటే కాస్త ఆలోచింపజేస్తుంది. విజయవాడ రోడ్డు మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, కీసర. అక్కణ్ణుంచి విశాఖ వైపు తిరిగితే పొట్టిపాడు, కలపర్రు, ఉంగుటూరు, ఈతకోట, కృష్ణవరం, వేంపాడు. వెళ్ళేటప్పుడు పది గేట్లు, వచ్చేటప్పుడు పది. గేటుకు సగటున వంద అనుకున్నా రెండు వేలు. 2025 ఆగస్టు 15 నుంచి సొంత కార్లకు ఏడాది పాసు వచ్చింది. వచ్చినప్పటి ధర ప్రకారం 3,000 కడితే జాతీయ రహదారుల మీద 200 గేట్లు దాటొచ్చు, లేదంటే ఏడాది గడువు, ఏది ముందు ముగిస్తే అది. లెక్కేస్తే గేటుకు 15 రూపాయలే. అరకు ఒక్కసారికే అయితే ఆ పాసు గిట్టదు. మా ప్రగతి నగర్లో మాత్రం ఏ అపార్టుమెంటులో చూసినా సగం తలుపుల వెనక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల వాళ్ళే. సంక్రాంతికి ఊరెళ్ళాలి, మేనకోడలి పెళ్ళికెళ్ళాలి, నాన్నకి ఒంట్లో బాగాలేదంటే ఉన్నపళంగా వెళ్ళాలి. అలాంటి ఇళ్ళకి కొన్ని ప్రయాణాల్లోనే పాసు గిట్టుబాటవుతుంది. ఔటర్ రింగు రోడ్డుకు ఇది చెల్లదు, దాని టోలు విడిగా రాసుకోవాలి. ఫాస్టాగులో డబ్బుల్లేకుండా గేటు దగ్గరికెళ్తే, 2025 నవంబరులో వచ్చిన నియమం ప్రకారం నగదైతే రెట్టింపు, యూపీఐ చేస్తే ఒకటింబావు రెట్లు. బయల్దేరే ముందు రాత్రి ఫాస్టాగు చూసుకోవడం తాళాలు చూసుకోవడమంత అలవాటైపోవాలి.

టైర్ల అరుగుదల ఎవరూ రాయరు. నాలుగు టైర్లు ఇరవై వేలనుకుని, అవి నలభై వేల కిలోమీటర్లు నడుస్తాయనుకుంటే కిలోమీటరుకు అర్ధరూపాయి. 1,600 కిలోమీటర్లకు 800. అదీ రాస్తే మంచిది. రాయకపోయినా ఎప్పుడో ఒకనాడు దుకాణంవాడు ఒక్కసారే వసూలు చేస్తాడు.

ఇవన్నీ రూపాయల్లో తేలిపోయేవి. నన్ను ఆలోచనలో పడేసేవి వేరే ఉన్నాయి. ఖర్చుల పట్టీలో సున్నా చుట్టి వదిలేసే పద్దులు.

రాత్రి ప్రయాణం తీసుకోండి. శుక్రవారం సాయంత్రం హైటెక్ సిటీలో పని ముగించుకుని, జేఎన్‌టీయూ దగ్గర వాహనాల మధ్య ఈదుకుంటూ ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర. గబగబా నాలుగు మెతుకులు తిని పదింటికి కారెక్కితే, తెల్లారేసరికి ఏలూరు దాటేస్తాం. ఒక రాత్రి గది అద్దె మిగిలింది కదా అని అందరికీ సంతోషం. గది 2,500, దాని మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది కాబట్టి 125. అంటే 2,625 ఆదా. ఆ ఆదా అంతా ఒక్క మనిషి నిద్రలోంచి తీసిందే. పొద్దున్నించీ స్క్రీను ముందు కూర్చున్న మనిషి, తెల్లవారుజామున మూడింటికి, వెనక సీట్లో ముగ్గురూ ఒకరి మీద ఒకరు వాలి నిద్రపోతుంటే, ఎదురుగా వచ్చే లారీ దీపాల్లోకి చూస్తూ నడుపుతుంటాడు. కళ్ళు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం ఎప్పుడో పక్క వేసుకుని పడుకుంటుంది. ఆ వేళ రోడ్డు మీద ఏం జరుగుతుందో మర్నాటి పేపర్లో జిల్లా పేజీ చూసేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మా పట్టీలో అందుకే గది పద్దు మీద బేరం లేదు. ఎక్కడ తగ్గించుకున్నా అక్కడ తగ్గించుకోం. శుక్రవారం రాత్రి ఇంట్లో హాయిగా పడుకుని, శనివారం అయిదింటికి బయల్దేరి, చీకటి పడేలోపు ఎక్కడ ఉంటే అక్కడ ఆగుతాం.

అలా పొద్దున్నే బయల్దేరినా ఇంకో లెక్క ఉంది. ప్రగతి నగర్ నుంచి విజయవాడ రోడ్డు పట్టుకోవాలంటే కూకట్‌పల్లి, అమీర్‌పేట, మలక్‌పేట, ఎల్బీనగర్ మీదుగా ఊరి నడిబొడ్డులోంచి పోవచ్చు. లేదంటే బాచుపల్లి దాటి మల్లంపేట దగ్గర ఔటర్ ఎక్కి మేడ్చల్, శామీర్‌పేట, ఘట్‌కేసర్ చుట్టుకుని పెద్ద అంబర్‌పేటలో దిగొచ్చు. రెండోది చుట్టుదారి, ఔటర్ మీదే సుమారు 60 కిలోమీటర్లు, పైగా టోలు. కాగితం మీద ఊళ్ళోంచి పోవడమే చౌక. కానీ పొద్దున ఏ కాస్త ఆలస్యమైనా సిగ్నలు సిగ్నలుకూ క్లచ్ తొక్కుతూ హయత్‌నగర్ దాటేసరికి కారులో అందరి మొహాలూ మాడిపోతాయి. ప్రయాణం మొదటి గంట ఎలా గడిస్తే ఆ రోజంతా అలాగే గడుస్తుందని నా నమ్మకం. ఔటర్ టోలు ఆ గంటకిచ్చే ధర.

రెండో సున్నా తిండిది. "దారిలో టిఫిను, భోజనం: ఇంటి నుంచి" అని రాసి పక్కన గీత గీస్తాం. ఆ గీత వెనక ఏముందో వంటింటికే తెలుసు. ముందు రాత్రి చింతపండు నానబెట్టి, పిసికి, పచ్చిమిరపకాయలు వేసి పులుసు చిక్కబడేదాకా ఉడికించాలి. మూడింటికి లేచి అన్నం పొడిపొడిగా వండి, పెద్ద పళ్ళెంలో పరిచి, పసుపూ నూనే వేసి ఆరనివ్వాలి. వేడి మీద మూత పెడితే మధ్యాహ్నానికి చెమ్మగిల్లి వాసనొస్తుంది. వేరుశనగలు, శనగపప్పు విడిగా వేయించి, ఇంగువ పోపు పెట్టి, కలిపి, డబ్బాలకెత్తి, ఆ గిన్నెలన్నీ తోమి, గ్యాసు కట్టేసి, పాల పాకెట్లు వద్దని కింద వాచ్‌మన్‌కి చెప్పి, అందరికంటే ఆఖర్న కారెక్కేది ఎవరో అందరికీ తెలుసు. సూర్యాపేట దాటాక చెట్టు నీడన కారాపి, కాగితం ప్లేట్లలో పెట్టుకుని తినే ఆ పులిహోర రుచి ఏ హోటల్లోనూ రాదు. మానేద్దామని నేననను. నేననేదల్లా అది ఊరికే వచ్చింది కాదనే. మా ఇంట్లో ఇప్పుడు మొదటి పూటకి పులిహోర, రెండో పూట నుంచి హోటలు అని రాస్తాం. ఐదుగురికి టిఫిను ఆరొందలు, భోజనం వెయ్యికి పైన. పులుసు నాది, అన్నం కలపడం మా ఆయనది, డబ్బాలు సర్దడం పిల్లలది. ఇప్పుడా పద్దులో సున్నా లేదు, నాలుగు పేర్లున్నాయి.

వెనకటి ప్రయాణాల్లో బస ఖర్చన్నది అసలుండేది కాదు. ఏ ఊళ్ళో దిగినా ఒక పిన్నిగారో, బాబాయిగారో, నాన్నతో కలిసి చదువుకున్న మాస్టారో ఉండేవారు. తెల్లవారుజామున రాజమండ్రి స్టేషన్లో దిగి, రెండు రిక్షాల్లో ఎనిమిది మందిమి పోయి తలుపు కొడితే, ఎవరని అడక్కుండానే పొయ్యి వెలిగేది. మనకి బస ఖర్చు సున్నా. ఆ పిన్నిగారింట్లో ఆ నెల పప్పు డబ్బా ఎంత లోతుకెళ్ళిందో ఏ లెక్కలోనూ లేదు. వెళ్ళేటప్పుడు పిల్లల చేతిలో ఆవిడే ఎదురు రూపాయి పెట్టేవారు. ఇప్పుడు ఆన్‌లైన్లో గది తీసుకుని, చుట్టాలని ఇబ్బంది పెట్టడం దేనికని మొహమాటపడుతున్నాం. అది మంచి మార్పే. అయితే గదికి రెండున్నర వేలు కడుతున్నప్పుడల్లా ఆ పిన్నిగారు మాకెంత పెట్టారో అంకెల్లో తెలుస్తోంది.

ప్రయాణపు లెక్క ఎలా ఉండాలో ఆలోచించినప్పుడు నాకు ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తొస్తారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసినాయన. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, కలకత్తా నుంచి సముద్రం ఒడ్డు దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం అనుకునే రోజుల్లో, పల్లకీలు, బోయీలు, సుమారు వందమంది పరివారం. ఆయన రాసుకున్నది 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో, ఆయన పోయిన తర్వాత అచ్చయింది. ఎక్కడ సుంకం అడుగుతారో, ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుందో అందులో ఉంటుంది. దాంతోపాటు మజిలీ మజిలీకీ ఊళ్ళో దుకాణాలున్నాయా, నూతిలో మంచినీళ్ళున్నాయా, దిగడానికి చోటుందా, దారి రాళ్ళదా ఇసకదా, అదీ ఉంటుంది. డబ్బుతో సమానంగా నీళ్ళనీ నీడనీ లెక్కలో పెట్టారాయన. తన వెనక నడిచే వందమంది కాళ్ళు ఆయనకి గుర్తున్నాయి.

మా ప్రయాణంలో నీళ్ళూ నీడా అంటే మా అత్తయ్యగారు. డెబ్బై దాటిన మనిషి. బయల్దేరే రోజు పొద్దున్నించీ ఆవిడ నీళ్ళు తాగడం తగ్గించేస్తారు. కాఫీ ఇస్తే సగం చాలంటారు. కారణం నోటితో చెప్పరు. దారిలో తన కోసం కారాపడం ఆవిడకిష్టం లేదు. "అత్తయ్యా, ఆగుదామా?" అని అడిగితే, "నాకేం అవసరం లేదమ్మా, పోనీయండి" అంటారు. మోకాళ్ళు నొక్కుకుంటూనే అంటారు. ఎండలో ఏడెనిమిది గంటల ప్రయాణంలో నీళ్ళు తాగకపోతే ఆ వయసులో ఏమవుతుందో డాక్టరు చెప్పాల్సిన పనిలేదు. అందుకని మేం ఆగే చోట్లు ముందే రాసేశాం. ప్రతి రెండు గంటలకీ ఒక పెట్రోలు బంకు, పావుగంట. టాయిలెట్టు, తాగునీళ్ళు, టైర్లకి గాలి బంకుల్లో ఉచితంగా ఇవ్వాలన్నది చమురు కంపెనీలు పెట్టిన నియమమే. శుభ్రంగా ఉన్నవి ఏవో ఒకసారి చూసుకుని గుర్తుపెట్టుకోవాలి. నార్కట్‌పల్లి, కోదాడ, ఏలూరు, రావులపాలెం అని కాగితం మీద ఉంటే అక్కడ ఆగడం ఎవరి కోసమో కాదు, పట్టీలో ఉంది కాబట్టి. అడగాల్సిన పని లేకపోయేసరికి అత్తయ్యగారు నిండు గ్లాసు నీళ్ళు తాగారు.

అప్పణ్ణుంచి ఖర్చుల పట్టీ మీద నా అభిప్రాయమే మారింది. ఇంతకు ముందు అది అదుపు కోసమనుకునేదాన్ని. ఎవరెంత ఎక్కువ పెడతారోనని ముందే కట్టే గట్టు లాంటిదని. కానీ రాసిపెట్టిన పద్దు అదుపు కంటే చనువెక్కువ ఇస్తుంది. పట్టీలో ఉన్నదాని కోసం ఎవరూ నోరు తెరిచి అడగక్కర్లేదు, మొహాలు చూసుకోవక్కర్లేదు. ఇంట్లో సంపాదన లేని మనుషులకి ఆ వెసులుబాటు ఎంతో అవసరం.

చేతిలో డబ్బు సంగతి చూడండి. ఇప్పుడు పచ్చి కొబ్బరిబోండానికి కూడా ఫోన్‌పే. సౌకర్యమే, దారిలో చేసిన ప్రతి ఖర్చూ ఫోనులో నిలిచిపోతుంది, రాత్రి గదిలో కూర్చుని కూడుకోవడం తేలిక. అత్తయ్యగారికి ఆ ఫోను రాదు. ఇదివరకు ఆవిడ రవిక లోపల చిన్న పర్సు ఉండేది, గుడి మెట్ల మీద ఎవరికి ఎంత వేసినా ఎవరికీ తెలిసేది కాదు. ఇంట్లో నోట్లే ఆడటం మానేశాక ఆ పర్సు ఖాళీ అయింది. హారతి పళ్ళెంలో పది రూపాయలు వెయ్యాలన్నా కొడుకు వైపు చూడాలి. మూర మల్లెపూలు కొనుక్కోవాలన్నా "ఒరేయ్, ఆవిడకి స్కాన్ చేసి కొట్టరా" అనాలి. ఏళ్ళ తరబడి ఇంటి తాళాలు, ఖర్చులు చూసిన మనిషికి అదెంత కష్టం! అందుకని మా ఆయన బ్యాంకు నుంచి పది రూపాయల కొత్త నోట్ల కట్ట ఒకటి, యాభైలు కొన్ని తెచ్చి, బయల్దేరే ముందు రోజే అమ్మ చేతిలో పెట్టారు. పట్టీలో "అమ్మ" అని రాసి 2,000 వేశాం. దేనికైందని తిరిగి అడగడం ఉండదు. ఆవిడ ఆ కట్ట విప్పి, నోట్లని విడదీసి, మూడు భాగాలు చేసి, మూడు చేతిరుమాళ్ళలో ముడేసుకున్నారు. ఏ ముడి దేనికో మాకు చెప్పలేదు.

పిల్లలకీ అంతే. తలా ఎనిమిది వందలు. అరకులో వెదురు బొంగు చికెను కావాలా, కాఫీ పొడి కావాలా, బొర్రా గుహల దగ్గర ఫొటోలు తీయించుకుంటారా, వాళ్ళిష్టం. అంతకు ముందు ప్రతి దుకాణం దగ్గరా "కొనవా, కొనవా" అని ఒకరు, "వద్దు, వద్దు" అని ఇంకొకరు. ఇప్పుడు మా అబ్బాయి ఒక బొమ్మ చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, ధర అడిగి, మనసులో ఏదో కూడుకుని మళ్ళీ పెట్టేశాడు. చివరికి ఒక బుల్లి టార్చిలైటు కొనుక్కుని వచ్చే దారంతా కారులో వెలిగించాడు.

రెండు కుటుంబాలు కలిసి వెళ్ళేటప్పుడు మాత్రం ఇంకొంచెం ముందుచూపు కావాలి. తోడికోడలు వాళ్ళూ మేమూ అయితే, పెట్రోలు కారుకా మనిషికా, పసివాడికి వాటా ఉందా, అత్తయ్యగారి వాటా ఎవరిది, ఇవి బయల్దేరే ముందు వంటింట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. మనలో చాలామందికి అది చిన్నతనం. "మన మధ్య లెక్కలేంటి" అంటాం. బిల్లు వచ్చినప్పుడు నేనిస్తానంటే నేనిస్తానని చేతులు పట్టుకుని లాక్కుంటాం. ఎక్కువిచ్చినవాళ్ళు నోరెత్తరు, మర్చిపోరు కూడా. ముందే ఒక ఉమ్మడి సంచి పెట్టుకుని, చెరి ఇంత వేసుకుని, అందులోంచి తీస్తే ఎవరి పెద్దరికానికీ లోటు రాదు. ఇందులో అత్తయ్యగారి వాటా అన్నమాటే ఉండకూడదని నా పట్టుదల. ఆవిడ ఉన్నారు కాబట్టే ఈ రెండు కుటుంబాలూ ఒక కుటుంబం.

తిరుగు దారిలో రావులపాలెం, జొన్నాడ రాకముందే, కడియపులంక నర్సరీలు మొదలయ్యాయి. రోడ్డుకి రెండు వైపులా మొక్కలే. అత్తయ్యగారు నోరు తెరిచి "ఆపండి" అన్నారు. మా పెళ్ళయ్యాక ఆవిడ కారాపమనడం నేను వినడం అదే మొదటిసారి. నల్లటి కవర్లలో వరసగా పెట్టిన మొక్కల మధ్య నెమ్మదిగా నడిచి, ఒక్కోదాని మొదలు దగ్గర మట్టి వేలితో నొక్కి, ఆకు తిప్పి వెనక పురుగుందేమో చూసి, ఒక సన్నజాజి ఎంచుకున్నారు. నర్సరీ అతను నూటయాభై అన్నాడు. ఈవిడ వంద అన్నారు. నూటపదికి తెగింది. మా ఆయన ఫోను తీయబోతే చెయ్యి అడ్డం పెట్టి, ఒక చేతిరుమాలు ముడి విప్పి, పదకొండు నోట్లు లెక్కపెట్టి ఇచ్చారు. ప్రగతి నగర్ చేరేదాకా ఆ మొక్క ఆవిడ పాదాల మధ్యనే ఉంది.

ఇల్లు చేరాక లెక్క చూస్తే వేసుకున్నదానికంటే పైనే అయింది. ఎప్పుడైనా అంతే, ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే మొత్తంలో పదో వంతు పేరు పెట్టకుండా పక్కనుంచమని ఎవరడిగినా చెప్తాను. పంక్చరు కావచ్చు, పిల్లలకి జ్వరం కావచ్చు, ఆత్రేయపురం పూతరేకుల డబ్బాలు రెండు బదులు ఆరు కావచ్చు. చుట్టుపక్కల ఫ్లాట్లవాళ్ళకి అన్నవరం ప్రసాదం పొట్లాలు కావచ్చు.

ఈ సంక్రాంతి ప్రయాణానికి పట్టీ రాసేటప్పుడు అత్తయ్యగార్ని పక్కన కూర్చోబెట్టుకున్నాం. ముందు మీరు చెప్పండి అన్నాం. కాసేపు ఆలోచించి, తణుకు దాటాక రోడ్డు మీంచి తొమ్మిది కిలోమీటర్లు లోపలికెళ్తే తన పుట్టిల్లని, తమ్ముడు ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడని చెప్పారు. మాకు తెలియని ఊరేం కాదు. పెళ్ళిళ్ళకీ కార్యాలకీ వెళ్ళినవాళ్ళమే. కానీ ఊరికే వెళ్ళింది లేదు. ఇన్నేళ్ళూ ఆ మలుపు ముందునుంచే పోతూ వచ్చాం, ఆవిడా ఎన్నడూ అనలేదు. రానూ పోనూ 18 కిలోమీటర్లు, పెట్రోలు నూట ముప్పై. తమ్ముడికీ మరదలికీ బట్టలు మూడు వేలు. ఇంటికి స్వీట్లు ఆరొందలు. సమయం దగ్గర మా ఆయన రెండు గంటలని వేస్తే, రెండు గంటలు ఏ మూలకి, కనీసం ఒక రాత్రైనా ఉండాలని ఆవిడే కొట్టేసి దిద్దించారు. గది అక్కర్లేదన్నారు, తమ్ముడింట్లోనే పడుకుంటామన్నారు. అయితే మరదలికి కూడా డెబ్బై దగ్గర పడ్డాయి, ఐదుగురికి వండి పెట్టాలి. కూరలూ పాలూ మేమే తణుకులో కొనుక్కెళ్ళేలా, పొద్దున టిఫిను నేను చేసేలా ఆ పూటకి ఎనిమిది వందలు వేశాం. అన్నవరంలో గది మర్నాటికి మార్చాం.